దొరువు లోతు

ఎడమ మోచేతి మీద బిందెను వంచి, కుడి అరచెయ్యి మూతికి అడ్డం పెట్టాడు క్రీస్తురాజు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి విడివిడిగా జారి మిరపమొక్క మొదట్లో పడ్డాయి. చెయ్యి అడ్డం లేకపోతే ధార ఒక్కచోటే పడి ఇసుకను తవ్వుతుంది, వేరు బయటపడుతుంది. ఈ సంగతి అతనికి చిన్నప్పుడు తండ్రి బెత్తంతో నేర్పాడు. అతను పిల్లలకి నోటితో నేర్పుతున్నాడు. ఆ నోరు బెత్తం కన్నా మెత్తగా ఏమీ ఉండదు.

"చెయ్యి పెట్టరా. మొక్కకి స్నానం చేయిస్తుండావా?"

పక్క మడిలో కుర్రవాడు గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

క్రీస్తురాజు పొట్టి మనిషి. కుడిభుజం ఎడమదానికన్నా కిందికి వాలి ఉంటుంది. మెడ వెనక చర్మం ఎండకి మాడి పగుళ్ళు తీసింది. పాదాలు వెడల్పు, వేళ్ళు ఎడంగా విచ్చుకుని ఉంటాయి. బరువు మోస్తూ ఇసుకలో నడిచిన కాళ్ళు అలాగే తయారవుతాయి. బడిలో అతని ఉద్యోగానికి పేరు లేదు. తోటపని వస్తే తోటమాలి, గేటు దగ్గర నిలబడితే వాచ్‌మన్, డ్రైనేజీ పొంగితే ఇంకేదో. పిల్లలు తాత అంటారు. టీచర్లు రాజన్న అంటారు. పూర్తి పేరు పెట్టి పిలిచిన మనిషి పోయి చాలాకాలమైంది.

విడవలూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు చివర ఉంది ఆ ప్రభుత్వ హైస్కూలు. వెనక గోడ అవతలంతా తెల్లటి ఇసుక. అందులో తాటాకు దడి కట్టి తొమ్మిదో తరగతి పిల్లలకి మళ్ళు పంచారు. ఇద్దరికో మడి. మిరప, వంగ, తోటకూర. విత్తు దగ్గర్నించి కోతదాకా వాళ్ళే చెయ్యాలి. దానికి మార్కులున్నాయి. హెడ్మిస్ట్రెస్ సుభాషిణి మేడం నెల్లూరు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి తెచ్చుకున్న ప్రాజెక్టు అది.

మళ్ళ మధ్యలో దొరువు. బోరు కాదు, బావి కాదు. ఇసుకలో పారతో తీసిన వెడల్పాటి గుంట. బిందె పట్టుకుని దిగడానికి ఒక పక్క వాలు ఉంటుంది. వానలకి ఇసుక తాగిన నీళ్ళు రాత్రంతా అందులోకి ఊరి, తెల్లారేసరికి మోకాలి లోతు చేరతాయి. పొద్దున ముంచుకుంటే అయిపోతాయి. మళ్ళీ సాయంత్రందాకా ఆగాలి. ఈ తీరంలో తాతల నాటి నుంచీ కూరగాయలు పండేది ఈ నీళ్ళతోనే.

అన్నిటికన్నా చివర ఉన్నది అజారుద్దీన్ మడి. వాడి జతగాడు బడి మానేశాడు కాబట్టి మడి వాడొక్కడిదే. నీళ్ళు ఎప్పుడూ వాడి దాకా వచ్చేసరికి అయిపోతాయి. ఖాళీ బిందెతో వచ్చి క్రీస్తురాజు ముందు నిలబడ్డాడు.

"తాతా, ఇయ్యాల గూడా నాకు చాల్లా."

"సాయంత్రానికి ఊరతాయి. పోస్కో."

"నిన్న గూడా ఇదే మాట అంటివే."

"నీళ్ళు నాకు చెప్పి ఊరతాయా?"

"మా అబ్బ షాపులో పాత మోటారు ఉండాది. తెచ్చి దీంట్లో దించితే..."

"తీసుకరా. తెచ్చిందాన్ని తెచ్చినట్టే సముద్రంలో ఇసిరేస్తా."

పక్కమడిలోంచి రోజా నవ్వింది. చేపలవాడ పిల్ల. తండ్రి బోటు మీద పోతాడు. "సముద్రంలో వెయ్యబాక తాతా. మా నాయన వల చినిగిపోద్ది."

పిల్లలంతా నవ్వారు. క్రీస్తురాజు నవ్వలేదు. దొరువు గట్టు మీద ఆనించి ఉన్న పార తీసి దడి అవతల పెట్టాడు.

"ఇంకోసారి చెప్తుండా. ఆ గుంటలోకి ఎవురూ పార పట్టుకోని దిగబాకండి."

"ఎందుకు తాతా?" అంది రోజా.

"నేను చెప్పినా కాబట్టి."

అతను నేర్చుకున్న చదువు అంతా అలాగే సాగింది. అయిదో తరగతి మధ్యలో తండ్రి వచ్చి బడి బయటికి లాక్కుపోయి చేతికి కడవ ఇచ్చాడు. ఎందుకని అడిగితే దెబ్బ పడింది. తర్వాత అడగలేదు.

మొదటి గంట కొట్టాక సుభాషిణి మేడం వెనక గేటులోంచి వచ్చింది. మళ్ళన్నీ ఒకసారి చూసింది. మిరప పూత మీదుంది. చిన్న చిన్న తెల్లపూలు, ఆకుల చాటున తలలు వంచుకుని ఉన్నాయి. ఆమె మొహంలో సంతోషం దాగలేదు.

"రాజన్నా, మధ్యాహ్నం మీద నెల్లూరు నుంచి ఇద్దరు వస్తున్నారు. ప్రాజెక్టు చూడ్డానికి. పిల్లలు బిందెలతో నీళ్ళు పోస్తుంటే వీడియో తీసుకుంటారంట. వాళ్ళకి నచ్చితే వచ్చే ఏడాదికి కూడా మనకే ఇస్తారు."

"మధ్యాహ్నానికి నీళ్ళు కొంచెమే ఊరతాయి మేడం."

"కొంచెం చాలు. వాళ్ళు ఉండేది ఎంతసేపని?"

ఆమె చెడ్డ మనిషి కాదు. అతనికి ఆ సంగతి తెలుసు. దడికి తాటాకు తన చేతి డబ్బుతో కొన్నది. పిల్లలకి పారలిస్తే కొందరు తల్లులు బడి ముందుకొచ్చి, కూలిపని నేర్చుకోడానికా మేము పంపించేది అని అరిచినప్పుడు గంటసేపు నిలబడి సమాధానం చెప్పింది. అయినా క్రీస్తురాజు ఆమెను నమ్మేవాడు కాదు. చూడ్డానికి ఎవరో వస్తారంటే చీర మార్చుకునే మనుషుల్ని అతను నమ్మడు.

భోజనాల గంటకి వంటషెడ్డు దగ్గరికి పోయాడు. వంట చేసే దుర్గ పళ్ళెంలో అన్నం పెట్టి చారు పోసింది. ఆమె నోటికి ఊళ్ళో అందరూ భయపడతారు, అతను తప్ప.

"ఏం రాజన్నా, నీ మిరపకాయలు నా చారులో పడేది ఎప్పుడు?"

"నావి కావు. పిలకాయల్నడుగు."

"నీవి కాకపోతే ఇంకెవురివి? పొద్దస్తమానం వొంగోని చాకిరీ చేసేది నువ్వే గదా."

"నేను జీతగాణ్ణి."

"జీతగాడంట! మేడమే నిన్ను చూస్తే పక్కకి తప్పుకోని పోతాది." అతని పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం వేసింది. "మా మరిది మళ్ళీ అడగమన్నాడు. ఆ ఉప్పు తేలిన నేల గుత్తకిస్తావా అని. రొయ్యల గుంట తవ్వుకుంటాడంట. ఊరికే పడి ఉండేదానికన్నా మేలు గదా?"

"అడగతానే ఉండమను."

"ఏందో నీ మొండితనం. చచ్చేటప్పుడు నెత్తిన పెట్టుకోని పోతావా ఆ నేలని?"

క్రీస్తురాజు చారన్నం కలుపుకున్నాడు.

ఆ నేల ప్రభుత్వం ఇచ్చింది. అరెకరం. పట్టా చేతికొచ్చిన రోజు భార్య రెబెక్కమ్మ, అతను కలిసి దొరువు తీశారు. ఆమె అతనికన్నా పొడుగు, అతనికన్నా వేగంగా నడిచేది. రెండు కడవలతో వాలెక్కి వచ్చేటప్పుడు ఊపిరి కూడా ఎగబోసేది కాదు. వంకాయలు నెల్లూరు మార్కెట్టుకి పోయేవి. కూతురో కొడుకో పుట్టలేదు. పుట్టలేదని ఇద్దరూ ఎవరితోనూ అనలేదు.

తర్వాత రొయ్యల గుంటలు వచ్చాయి. ముందు సముద్రం పక్క, తర్వాత కాలవ పక్క, తర్వాత అతని నేల చుట్టూ. పక్కవాళ్ళంతా గుత్తకిచ్చారు. అతని దగ్గరికీ మనుషులు వచ్చారు, మంచిగా ఒకసారి, బెదిరిస్తూ ఒకసారి. ఇవ్వనన్నాడు. మోటార్లతో గుంజి గుంటల్లోకి ఉప్పునీళ్ళు పెట్టారు. రెండో ఏడు వేసవికి అతని దొరువులో నీళ్ళు నోట్లో పెట్టుకోలేనట్టు తయారయ్యాయి. వంగ ఆకు అంచులు మాడి రాలిపోయింది. నేల మీద తెల్లటి పొర తేలింది.

"పోయిన నేల గదా, ఇచ్చెయ్," అంది రెబెక్కమ్మ. "పోయిందని తెలిసినాక గూడా పట్టుకోని ఏం చేస్తావు?"

"చంపినోడికి శవాన్ని గూడా అమ్మమంటావా?" అన్నాడు.

ఆమె రొయ్యలు ఒలిచే షెడ్డులో కూలికి పోయింది. పొద్దుటి నుంచి ఐసులో చేతులు. వేళ్ళ చివర్లు తెల్లగా నానిపోయి, గోళ్ళ పక్కన చీము పట్టేది. సాయంత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ముద్ద కలపలేక ఏడ్చేది కాదు, తిట్టేది. "నీ పంతం తిని బతకాల్నా మనం?" ఒక వానాకాలం ఊపిరితిత్తులకి జబ్బు చేసింది. ఆసుపత్రిలో ఆఖరి రోజు కూడా ఆ నేల మాటే అడిగింది. ఇవ్వలేదని చెప్పాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆమె అన్నది తప్పని అతను ఎప్పుడూ అనుకోలేదు. తను చేసింది తప్పని కూడా అనుకోలేదు. రెండూ కడుపులో పెట్టుకుని బడికి వస్తున్నాడు, పోతున్నాడు. గుంటల వాళ్ళని క్షమించలేదు. గుత్తకిచ్చిన పక్కవాళ్ళని క్షమించలేదు. చర్చిలో పాస్టరు క్షమాపణ గురించి మాట్లాడితే లేచి బయటికొచ్చి నిలబడతాడు.

పళ్ళెం కడిగి బోర్లించి, వంటషెడ్డు నీడలో కాసేపు వెనక్కి ఒరిగాడు. లేచేసరికి దడి అవతల పిల్లల కేకలు వినబడ్డాయి. సంతోషపు కేకలు. అతనికి నచ్చలేదు.

దొరువు చుట్టూ తడి ఇసుక కుప్పలు. తెల్లది కాదు. నల్లటి, బంకగా ఉన్న అడుగు ఇసుక. రోజా మోచేతుల దాకా ఆ నలుపు పూసుకుని గుంట మధ్యలో నిలబడి ఉంది. చేతిలో పార. నీళ్ళు ఆమె తొడల దాకా ఉన్నాయి. పొద్దున కన్నా ఎక్కువ.

"చూడు తాతా, ఎన్ని నీళ్ళో! ఇంక అందరికీ చాలతాయి."

అతను వాలు దిగి వంగి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఉమ్మేశాడు.

"ఎవురు తవ్వింది?"

పిల్లలు ఇసుక అంటిన చేతులు వెనక్కి దాచుకున్నారు.

"నేనే," అంది రోజా. "వీళ్ళు ఇసక ఎత్తినారంతే. తవ్వింది నేను."

"తవ్వబాకండని చెప్పినానా లేదా?"

"చెప్పినావు."

"మరి?"

"అజార్ మడికి రోజూ చాలడంలా. పైగా సార్లు వస్తుండారంట. మా వాడలో చెలమ ఎండిపోతే ఇంకాస్త తవ్వతాం, నీళ్ళు వస్తాయి. ఇదీ అంతే గదా అనుకున్నా." పార కిందపడేసింది. "నువ్వు తవ్వబాకండి అన్నావే గానీ ఎందుకో చెప్పలా. అడిగితే గూడా చెప్పలా."

ఎండ నెత్తిమీదుంది. చుట్టూ ఉన్న మొహాలన్నీ అతన్నే చూస్తున్నాయి.

"రుచి చూడు," అన్నాడు.

రోజా వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు పిల్లలందరూ వంగి రుచి చూశారు. ఒకడు రెండుసార్లు చూశాడు, తప్పేమోనని.

"దీంట్లోంచి ఎవురైనా పోసినారా?"

అందరూ ఒక్కసారే చివరి మడి వైపు తిరిగారు. అజారుద్దీన్ ఖాళీ బిందెలు రెండూ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. వాడి మడి ఈ చివర నుంచి ఆ చివరి దాకా తడిసి నల్లగా ఉంది. తోట పెట్టిన దగ్గర్నించి ఆ మడి అంత నిండుగా తడవడం ఇదే మొదటిసారి. చెయ్యి అడ్డం పెట్టే పోసినట్టున్నాడు, ఒక్క గుంట కూడా పడలేదు.

"అందరికన్నా ముందు నన్నే పోసుకోమనిందన్నా రోజా," అన్నాడు. తాత అనడం కూడా మర్చిపోయాడు.

"పూత రాలిపోద్ది," అన్నాడు క్రీస్తురాజు. "ఈ ఎండకి, ఈ ఉప్పుకి ఆకు మాడతాది. నీ మడి పోయినట్టే."

ఇంకెవరైనా అయితే ఆ మాట ఇంకోలా చెప్పి ఉండేవారు. అజారుద్దీన్ మొక్కల మధ్య గొంతుక్కూర్చుని ఒక పువ్వును వేలితో తాకి చూశాడు. ఏడవలేదు. దవడ బిగించుకున్నాడు.

"ఇంక ఒక్క చుక్క గూడా ఎవురూ పొయ్యబాకండి. రేపు అడుగు పూడ్చాల. నాలుగు దినాలు కదిలించకుండా పెడితే పైన మళ్ళీ తీపి నీళ్ళు చేరతాయి. ఈలోపు మొక్కలు ఎండకి ఓర్చుకుంటాయి. దీనికి మటుకు ఓర్చుకోవు."

అప్పుడే సుభాషిణి మేడం వచ్చింది. నిజంగానే చీర మార్చుకుంది. చేతిలో ఫోను.

"రాజన్నా, బిందెలు నింపుకొని వరసలో నిలబెట్టు. మలుపు దగ్గరున్నారంట." దొరువులోకి చూసి మొహం విప్పారింది. "నిండా ఉన్నాయే!"

"ఉప్పు తగిలింది మేడం."

ఆమెకు ఇంక వివరం చెప్పక్కర్లేదు. వెంకటాచలం పక్క ఊళ్ళో రైతు కూతురు. నల్లటి ఇసుక కుప్పలు చూసింది, రోజా మోచేతులు చూసింది, కళ్ళు మూసుకుని తెరిచింది.

"ఒక్క రెండు బిందెలు," అంది మెల్లగా. "వీడియో తీసుకునేదాకా. తర్వాత ఆపేద్దాం."

"పొయ్యను."

"నీకర్థం కావడంలేదు. ఇవాళ వాళ్ళు చూసేది కాకుండా పోతే వచ్చే ఏడు ఈ తోట లేదు. పదో తరగతికి పోయే వీళ్ళకేం నష్టం లేదు, తర్వాత వచ్చే పిల్లలకే తోట ఉండదు. రెండు బిందెల కోసం..."

"రెండైనా పొయ్యను."

ఆమె చుట్టూ చూసింది. చివరి మడి తడిసి ఉండడం కనిపించింది.

"అది ఆల్రెడీ పోసేశారు కదా? ఎటూ పోయిన మడే కదా? ఆ ఒక్కదానికే పోయిద్దాం. మిగతావాటికి ఏమీ కాదు."

గొంతు తగ్గించే అంది. కానీ ఇసుకలో గోడలుండవు. అజారుద్దీన్ తల ఎత్తాడు.

క్రీస్తురాజుకి ఒక్క క్షణం రెబెక్కమ్మ గొంతు వినిపించింది. పోయిన నేల గదా.

"ఆ మడి నాది గాదు. మీది గాదు. వాణ్ణి అడగండి."

సుభాషిణి మేడం ఆ కుర్రవాడి వైపు నడిచింది. వంగి, అతి మెత్తగా అడిగింది. "అజార్, నాన్నా, రెండు బిందెలే. నీకు నేను వేరే మొక్కలు తెప్పిస్తా. సరేనా?"

అజారుద్దీన్ లేచి నిలబడ్డాడు.

"ఇందాక తెలీక పోసినా మేడం. తెలిసి పొయ్యను."

దూరంగా రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే యంత్రాల మోత వినపడుతోంది. అప్పుడు రోజా తన బిందె తీసుకుని ఇసుకలో బోర్లించి, దాని మీద కూర్చుంది. పక్కపిల్ల కూర్చుంది. తర్వాత ఇంకొకడు. బిందెలు ఇసుకలో పడే చప్పుడు మెత్తగా, ఒకదాని వెనక ఒకటి, మళ్ళ చివరిదాకా పోయింది.

"మార్కులు వెయ్యాల్సింది నేను. గుర్తుపెట్టుకోండి," అంది సుభాషిణి మేడం.

"సున్నా వేసినా మడి మాదే గదా మేడం?" అంది రోజా.

గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడైంది.

వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకాయన నల్లద్దాలు తియ్యలేదు. రెండో ఆయన ఫోను అప్పటికే పైకెత్తి పట్టుకుని వచ్చాడు. బోర్లించిన బిందెల మీద కూర్చున్న పిల్లల్ని చూసి దించేశాడు.

"ఏమ్మా, నీళ్ళు పోసే టైము కాదా?"

పిల్లలు లేచి నమస్కారం పెట్టి మళ్ళీ కూర్చున్నారు. రోజా మాత్రం నిలబడింది.

"దొరువు లోతు తవ్వేసినా సార్. ఉప్పు తగిలింది. ఇయ్యాల పొయ్యకూడదు."

"ఎవరు తవ్వింది?"

"నేనే."

ఆయన దొరువులోకి తొంగిచూశాడు. నవ్వాడు, చెడ్డగా కాదు. "నిజం చెప్పావు, మంచిదే. కానీ నేను పైకి ఏం పంపించాలమ్మా? తోట ప్రాజెక్టు అని చెప్పి బిందెల మీద కూర్చున్న పిల్లల్నా?"

"అదే పంపించండి సార్," అన్నాడు అజారుద్దీన్.

నల్లద్దాలాయన సుభాషిణి మేడాన్ని పక్కకి పిలిచాడు. మాటలు గాలికి ముక్కలు ముక్కలుగా వచ్చాయి. డ్రిప్పు పైపులున్న ఇంకో బడి ఈ ప్రాజెక్టు అడుగుతోందట. వచ్చే ఏడాదికి దానికి మారుద్దామట. ఇక్కడ క్రమశిక్షణ కూడా... అంటూ ఆయన క్రీస్తురాజు వైపు చూశాడు. క్రీస్తురాజు చూపు తిప్పుకోలేదు. ఆయనే తిప్పుకున్నాడు.

టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

సుభాషిణి మేడం జీపు కనుమరుగయ్యేదాకా గేటు దగ్గరే నిలబడి తిరిగి వచ్చింది. చెప్పుల్లో ఇసుక పడినా దులుపుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పోయింది. వచ్చే ఏడాది లేదు. నీ పంతానికి పోయింది రాజన్నా. పిల్లల్ని కూడా నీలాగే తయారు చేశావు."

అతను విన్నాడు. ఆ మాట అతనికి కొత్త కాదు. వేరే గొంతులో, వేరే ఇంట్లో, వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకున్న మనిషి నోటినుంచి విన్నాడు. అప్పుడూ తల దించలేదు, ఇప్పుడూ దించలేదు.

"ఈ ఏడాది మిగిలింది నేను చూసుకుంటా. రేపట్నుంచి నువ్వు రావద్దు."

"రేపు దొరువు పూడ్చాల."

"పిల్లలు పూడుస్తారు."

ఆమె అతన్ని గాయపరచడానికే అంది. క్రీస్తురాజు మళ్ళ వైపు తిరిగి చూశాడు. బోర్లించిన బిందెల మీద కూర్చున్న పిల్లలు. మోచేతులకి అంటిన నలుపు ఎండి పెచ్చులుగా రాలుతున్న రోజా. తన మొక్కల చుట్టూ తడి ఇసుకను చేత్తో ఎత్తి దూరంగా పోస్తున్న అజారుద్దీన్. ఆ పని చెయ్యమని వాడికి ఎవరూ చెప్పలేదు.

"ఆఁ," అన్నాడు. "పూడుస్తారు."

ఆమె లోపలికి పోయింది. బడి వదిలే గంటకి ఇంకా కొంచెం టైముంది. క్రీస్తురాజు దడి మూల పడి ఉన్న సరుగుడు కట్టె ఒకటి ఏరి తెచ్చాడు. మొలలోంచి చాకు తీసి బెరడు చెక్కాడు. ఒకచోట చుట్టూ గాటు పెట్టాడు, వేలు పెడితే తగిలేంత లోతుగా. దొరువులోకి దిగి మధ్యలో దాన్ని నిలబెట్టి, బరువంతా వేసి నొక్కాడు. నీళ్ళు నడుం దాకా తడిపాయి. ఎక్కి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"ఇట్రాండి."

పిల్లలు వచ్చి చుట్టూ కూర్చున్నారు. అతను ఎడమ అరచెయ్యి చాపి, దాని మీద కుడి అరచెయ్యి పెట్టాడు.

"ఇది ఉప్పునీళ్ళు. సముద్రంలోంచీ, ఆ గుంటల్లోంచీ కిందగా వస్తాది. ఇది వాననీళ్ళు, ఇసక తాగింది. తేలిక కాబట్టి పైన పడుకోని ఉంటాది. మధ్యలో గోడ లేదు. పైదాన్ని మెల్లగా తీసుకుంటే ఇస్తానే ఉంటాది. లోతుకి పోయినా, మోటారు పెట్టి గుంజినా, కిందది ఎగదన్నుకోని వస్తాది. మా నేలలో అట్నే వచ్చింది. అక్కడ గుంజింది మేము గాదు, పక్కోళ్ళు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "పొద్దున రోజా అడిగింది ఇదే. అప్పుడే చెప్పాల్సింది."

రెబెక్కమ్మ పోయాక ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడడం అదే. అతని పెదాలు ఆరిపోయాయి.

"ఆ గాటు ఏంది తాతా?" అంది రోజా.

"ఆడిదాకా తెల్ల ఇసకతో పూడ్చండి. నల్లది కలపబాకండి. ఆడికి కిందకి ఎవురు తవ్వినా మీరే ఆపాల. హెడ్ మేడం వచ్చి తవ్వమన్నా ఆపాల."

"నువ్వు రావా?"

"నాతో పనేముంది? పార మీ దగ్గరే ఉండాది."

అజారుద్దీన్ అతని మొహంలోకి చూశాడు. ఆ పిల్లాడికి అర్థమైంది. "మేడం వద్దనిందా?"

"నీ మడి పీకి పారెయ్. కొత్త నారు పెట్టుకో. ఏడ్చుకుంటా కూర్చోబాక."

"నేనేడ్చలా."

"అవును. ఏడ్వలా." అతను లేచాడు. తడిసిన పంచె పిండుకున్నాడు. ఎవరి తలమీదా చెయ్యి పెట్టలేదు. వంటషెడ్డు దగ్గర దుర్గ గరిటె పట్టుకుని నిలబడి చూస్తోంది. గేటు దాటి, గుంటల మధ్య ఎర్రమట్టి కట్ట మీదుగా, కుడిభుజం కిందికి వాలి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయాడు. కట్ట మలుపులో ఒకసారి కనిపించి, మళ్ళీ కనిపించలేదు.

బడి గంట కొట్టింది. ఎవరూ ఇళ్ళకి పోలేదు.

"రేపటిదాకా ఎందుకు?" అంది రోజా.

పడమటి గోడ వెంట తెల్ల ఇసుక కుప్పగా మేటవేసి ఉంటుంది. పిల్లలు బిందెలతో మోసుకొచ్చారు. బిందె దొరకని వాళ్ళు తమ చున్నీల్లో, చొక్కాల్లో మోశారు. అజారుద్దీన్ నీళ్ళలో నిలబడి, పోసిన ఇసుకను కాళ్ళతో సమంగా తొక్కాడు. తొక్కినప్పుడల్లా చేత్తో కట్టెను తడిమి గాటు ఎక్కడుందో చూసుకున్నాడు. సుభాషిణి మేడం ఆఫీసు గది కిటికీ దగ్గర నిలబడి చూసింది. బయటికీ రాలేదు, ఆపమనీ అనలేదు. కాసేపటికి కిటికీ మూసేసింది.

పొద్దు వాలే వేళకి ఇసుక గాటు దాకా చేరింది. పిల్లలు చేతులు కడుక్కోకుండానే ఇళ్ళకి పోయారు. నీళ్ళలో కలక అణిగింది. దొరువు మధ్యలో సరుగుడు కట్టె ఒక్కటే నిలబడి ఉంది, కొంచెం ఎడమకి వాలి, కొత్తగా చెక్కిన చోట తెల్లగా, చుట్టూ నీళ్ళు చప్పుడు లేకుండా ఊరుతూ.